మూడు రకాల చుక్కలకీ దిగని కంటి ప్రెషర్: ట్రాబెక్యులెక్టమీయా, వాల్వా, స్టెంటా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నాన్నగారికి 62 ఏళ్లు, ఆర్మూర్ దగ్గర పసుపు రైతు. రెండేళ్ల కిందట నీటికాసులు (గ్లకోమా) బయటపడింది. కుడికంట్లో మూడు రకాల చుక్కలు వేస్తున్నా ప్రెషర్ 26–28 మధ్యే ఉంటోంది. కప్ (కంటి నరం మధ్యలోని గుంట కొలత) 0.9. చూపు ఎంత వెడల్పున ఉందో కొలిచే ఫీల్డ్ టెస్టులో నడిమి చూపు మాత్రమే మిగిలింది, శుక్లం కూడా మొదలైంది. ఎడమకన్ను అవే చుక్కలతో 17 దగ్గర ఆగింది, కప్ 0.7. రిపోర్టులో 'ఓపెన్ యాంగిల్' అని, అంటే కంటి నీరు బయటికి పోయే మూల తెరిచే ఉందని, ఉంది. ఒక డాక్టరు ట్రాబెక్యులెక్టమీ (కంటి నీరు బయటికి పోవడానికి కొత్త దారి చేసే ఆపరేషన్) చేయాలన్నారు. రెండో చోట శుక్లం తీసేటప్పుడే స్టెంట్ అనే చిన్న గొట్టం పెడతామన్నారు. బంధువుల్లో ఒకరు లేజర్‌తో పోతుందంటే, ఇంకొకరు 'ఆ ఆపరేషన్ చేయించుకుని మా పక్కింటాయన చూపు పోగొట్టుకున్నాడు' అన్నారు. ఇందులో ఏది సరైనది, పసుపు తవ్వకం అయిపోయి మార్చి దాటాక చేయిస్తే కుదరదా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: కుడికంటికి మైటోమైసిన్ అనే, మచ్చ కట్టకుండా అడ్డుకునే మందు వాడి చేసే ట్రాబెక్యులెక్టమీ. మార్చి దాకా ఆగొద్దు. లేజర్, స్టెంట్ ఈ కంటికి చాలవు. నీటిని ట్యూబ్‌తో బయటికి పంపే వాల్వ్ మొదటి ఆపరేషన్ కాదు, చేతిలో దాచుకోవాల్సిన రెండో దారి. పోయిన చూపు వీటిలో దేనితోనూ తిరిగి రాదు. మిగిలిన నడిమి చూపును నిలపడానికే ఈ తంటా అంతా. మీరిచ్చిన అంకెలను బట్టి చెబుతున్నాను. గోనియోస్కోపీ అద్దం పెట్టి యాంగిల్ చూసిన డాక్టరు వేరే మాట చెబితే ఆ మాటకే విలువ.

ఎందుకో చెబుతాను. కంటి ముందుభాగంలో నిమిషానికి దాదాపు 2.5 మైక్రోలీటర్ల నీరు ఊరుతుంది. అది నల్లగుడ్డు అంచు చుట్టూ ఉన్న జల్లెడలాంటి కణజాలం గుండా ష్లెమ్ కాలువలోకి, అక్కడి నుంచి సిరల్లోకి పోతుంది. బయటికి కారే కన్నీటితో దీనికి సంబంధం లేదు. జల్లెడ మొరాయిస్తే లోపల ప్రెషర్ పెరిగి, వెనక ఉన్న కంటి నరం నలుగుతుంది. 10 నుంచి 21 వరకు మామూలు అంటారు (అంకెలన్నీ పాదరసం మిల్లీమీటర్లలో), కానీ అది ఆరోగ్యంగా ఉన్న నరానికి చెప్పిన లెక్క. కప్ 0.9 అంటే నరం అంచున సన్నటి గీతంత భాగమే మిగిలిందని. అలాంటి నరానికి 21 కూడా ఎక్కువే. అమెరికాలో ముదిరిన గ్లకోమా మీద జరిగిన ఏజిస్ అధ్యయనంలో, చూపించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ 18 కంటే తక్కువే ఉన్న కళ్ల సగటు ప్రెషర్ 12.3. ఆ గుంపులో ఫీల్డ్ సగటున క్షీణించలేదు. అందుకే ఇలాంటి కంటికి మేం పెట్టుకునే లక్ష్యం 12 చుట్టుపక్కల ఉంటుంది. 28 నుంచి 12కి దించాలి, అంటే సగానికి పైగా. ఏ పద్ధతిని బేరీజు వేసినా ఈ ఒక్క లెక్కతోనే వేయండి.

లేజర్ ఎందుకు చాలదు. మీ బంధువు చెప్పింది బహుశా ఎస్‌ఎల్‌టీ గురించి. జల్లెడ మీద చుట్టూ దాదాపు వంద చోట్ల 532 నానోమీటర్ల లేజర్ పొడుపులు వేస్తారు. పది నిమిషాల పని, కోత ఉండదు. మంచి చికిత్సే. 2019లో వెలువడిన బ్రిటన్ లైట్ అధ్యయనంలో, మొదటి చికిత్సగా ఇదే చేయించుకున్నవాళ్లలో 74 శాతం మంది మూడేళ్ల తర్వాత కూడా చుక్కల అవసరం లేకుండా ఉన్నారు. అయితే వాళ్లది తొలిదశ జబ్బు, అంతకుముందు మందులు వాడని కళ్లు. ఎస్‌ఎల్‌టీ మహా అయితే 20–30 శాతం దించుతుంది. 28లో 30 శాతం పోతే 20 దగ్గర ఆగుతాం. పైగా ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మూడు మందులు వాడుతున్న కంట్లో అంత దిగడం కూడా అరుదు. ఇంకో లేజర్ ఉంది, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) అంచున చిన్న కన్నం వేసే ఐరిడాటమీ. అది యాంగిల్ మూసుకుపోయే రకానికి, మీ నాన్నగారికి పని చేయదు.

స్టెంట్ సంగతి. ఐస్టెంట్ లాంటివి మిల్లీమీటరు పొడవున్న టైటానియం గొట్టాలు. శుక్లం ఆపరేషన్‌కి చేసిన కోతలోంచే లోపలికి తీసుకెళ్లి జల్లెడలో గుచ్చుతారు. నీరు ష్లెమ్ కాలువలోకి నేరుగా దిగుతుంది. కానీ ఆ కాలువ తర్వాత ఉన్నవి సిరలు, వాటిలో 8–10 ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. కాలువ దారి ఎంత వెడల్పు చేసినా ప్రెషర్ ఆ సిరల ఒత్తిడి కంటే కిందికి దిగదు. ఆచరణలో 15–17 దగ్గర ఆగుతుంది. ఒకటో రెండో చుక్కలతో అదుపులో ఉండి, శుక్లం తీయాల్సిన కంటికి ఇది బాగుంటుంది, ఒక చుక్క తగ్గించుకోవచ్చు. 0.9 కప్‌కి 16 చాలదు. జల్లెడను చీల్చే పద్ధతులూ ఇదే కోవ: 5-0 ప్రోలీన్ దారాన్ని కాలువ చుట్టూ తిప్పి లాగే గాట్, సూది కొసను వంచి గీరే బ్యాంగ్. వీటిలో పరికరం ఖర్చు దాదాపు లేదు. కొన్ని కళ్లలో, ముఖ్యంగా స్టెరాయిడ్ చుక్కల వల్ల ప్రెషర్ పెరిగిన కుర్రవాళ్లలో, గాట్ చాలా బాగా పని చేస్తుంది. కానీ నడిమి చూపు ఒక్కటే మిగిలిన కంటికి మొదటి ఎంపికగా నేను చెప్పను. ఇంకో మాట. కొత్త పరికరం అనగానే మెరుగైనదని అనుకోవద్దు. కంటి లోపలి పొర కింద పెట్టే సైపాస్ అనే స్టెంట్‌ని, ఐదేళ్ల ఫలితాల్లో కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) కణాలు ఎక్కువగా పోతున్నాయని తేలాక, 2018లో కంపెనీయే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది.

వాల్వ్, ట్యూబ్. జనం అన్నిటినీ వాల్వ్ అనే అంటారు గానీ రెండు రకాలున్నాయి. రెండింటిలోనూ ఒక సన్న ట్యూబ్ కంటి లోపలి నీటిని తెల్లగుడ్డు మీద కుట్టిన ప్లేటు దగ్గరికి తెస్తుంది. అహ్మద్ వాల్వ్‌లో నిజంగానే ఒక వాల్వ్ ఉంటుంది, 8–12 దగ్గర తెరుచుకునేలా తయారు చేశారు. ప్లేటు వైశాల్యం 184 చదరపు మిల్లీమీటర్లు. ఆపరేషన్ రోజు నుంచే ప్రెషర్ దిగుతుంది. రెండోది వాల్వ్ లేని ట్యూబ్. మన దగ్గర ఎక్కువగా వాడేది మదురైలోని ఆరోల్యాబ్ తయారుచేసే ఆడి. 350 చదరపు మిల్లీమీటర్ల ప్లేటు, విదేశీ బేర్‌వెల్ట్ నమూనాలో చేసినది, ధరలో చాలా తక్కువ. దీనికి వాల్వ్ లేదు కాబట్టి ట్యూబ్‌ని కరిగే వైక్రిల్ దారంతో బిగించి కడతారు. ఐదారు వారాలకు దారం కరిగి ట్యూబ్ తెరుచుకుంటుంది. ఈలోగా ప్లేటు చుట్టూ గూడు కట్టుకుంటుంది కాబట్టి నీరు ఒక్కసారిగా దిగజారిపోదు. ఆ ఐదారు వారాలు పాత చుక్కలు వేస్తూనే ఉండాలి. ఈ సంగతి చెప్పక, రోగి మానేసి, నెలాఖరుకి 40 ప్రెషర్‌తో రావడం జరిగేదే. అహ్మద్‌లో దీనికి తలకిందుల ఇబ్బంది. మొదట్లో దిగి, నాలుగో వారం నుంచి మూడో నెల దాకా మళ్లీ పెరుగుతుంది. తర్వాత చాలా కళ్లలో తగ్గుతుంది గానీ మందు పూర్తిగా మానే అవకాశం తక్కువ. దీర్ఘకాలంలో పెద్ద ప్లేటు ట్యూబులు కాస్త ఎక్కువ దించుతాయి, మరీ దిగిపోయే ప్రమాదమూ వాటిలోనే ఎక్కువ.

ఏ రకమైనా ప్లేటుని కంటి పైభాగాన చెవి వైపు, నల్లగుడ్డు అంచుకి 8–10 మిల్లీమీటర్ల వెనక కుడతారు. 23 గేజి సూదితో దారి చేసి ట్యూబ్ కొసను రెండు మూడు మిల్లీమీటర్లు కంటి లోపలికి పంపుతారు. తెల్లగుడ్డు మీది ట్యూబ్‌పై దాత కంటి పొర ముక్కను కప్పుతారు, లేకపోతే ఏళ్ల తరబడి రెప్ప ఒరుసుకుని ట్యూబ్ బయటపడుతుంది. బయటపడిన ట్యూబ్ అంటే కంట్లోకి క్రిములకు తెరిచిన తలుపు, కాబట్టి తిరిగి కప్పడం ఆలస్యం చేయకూడదు. ట్యూబ్ కొస కార్నియాకి దగ్గరగా ఉంటే కాలక్రమంలో కార్నియా మబ్బు పడుతుంది. పెద్ద ప్లేటు కంటి కండరాల కింద కూర్చుంటుంది కాబట్టి కొందరికి ఒకటి రెండుగా కనిపిస్తుంది.

ట్యూబ్, ట్రాబెక్యులెక్టమీల్లో ఏది మేలన్న దాని మీద పెద్ద అధ్యయనాలే జరిగాయి, వాటిని సగం చదివినవాళ్లు ట్యూబే గొప్పదంటారు. టీవీటీ అధ్యయనంలో ఐదేళ్లకి ట్యూబ్ దాదాపు 30 శాతం కళ్లలో, ట్రాబెక్యులెక్టమీ 47 శాతం కళ్లలో విఫలమయ్యాయి. నిజమే. కానీ అవన్నీ ముందే శుక్లం ఆపరేషనో, విఫలమైన ట్రాబెక్యులెక్టమీయో జరిగిన కళ్లు. అసలు కోత పడని కళ్లలో మళ్లీ చేసిన అధ్యయనంలో మొదటి ఏడాది లెక్క తిరగబడింది: ట్యూబ్ విఫలమైనవి 17.3 శాతం, ట్రాబెక్యులెక్టమీ 7.9 శాతం. ఐదేళ్లకి ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది, ప్రెషర్ కూడా దాదాపు సమానమే, కానీ తక్కువ చుక్కలు ట్రాబెక్యులెక్టమీ వైపే నిలిచాయి. మీ నాన్నగారిది కోత పడని కన్ను. షుగర్ ముదిరి కంట్లో కొత్త రక్తనాళాలు పుట్టిన గ్లకోమా, కన్ను లోపల వాపు ఉన్న గ్లకోమా, కార్నియా మార్పిడి జరిగిన కన్ను, ఒకసారి ట్రాబెక్యులెక్టమీ మూసుకుపోయిన కన్ను – వీటిలో అయితే నేనూ ముందే ట్యూబ్ అంటాను.

ఇక అసలు ఆపరేషన్. 1968లో కెయిర్న్స్ ప్రచురించిన పద్ధతి ఇది. చాలా మెరుగులు దిద్దుకున్నా మూలం అదే. తెల్లగుడ్డు పైభాగాన, పైరెప్ప చాటున ఉండే చోట, మీది పల్చటి పొరను నల్లగుడ్డు అంచు దగ్గర విప్పి వెనక్కి తీస్తారు. మైటోమైసిన్‌లో తడిపిన స్పాంజి ముక్కలను ఆ పొర కింద పరుస్తారు. మిల్లీలీటరుకి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాముల మందు, రెండు మూడు నిమిషాలు, ఆ తర్వాత సెలైన్‌తో బాగా కడగడం. తర్వాత తెల్లగుడ్డులో సగం మందానికి దాదాపు 4×3 మిల్లీమీటర్ల రేకు లేపుతారు, ఒక పక్క అతుక్కునే ఉంటుంది, తలుపులాగా. తలుపు కింద చిన్న పంచ్‌తో కంట్లోకి రంధ్రం చేస్తారు. లోపలి ఐరిస్ వచ్చి రంధ్రాన్ని మూసేయకుండా దాని అంచున చిన్న ముక్క తీస్తారు. తలుపు మూసి, తలవెంట్రుక కంటే ఎంతో సన్నని 10-0 నైలాన్‌తో కుట్లు వేస్తారు. చివరికి పై పొరను చుక్క నీరు కారకుండా కుట్టేస్తారు. నీరు తలుపు సందుల్లోంచి ఊరి, పై పొర కింద చిన్న ఉబ్బుగా నిలిచి, అక్కడి నుంచి రక్తంలోకి ఇంకుతుంది. ఆ ఉబ్బునే బ్లెబ్ అంటాం. రెప్ప ఎత్తి చూస్తే తప్ప కనిపించదు. మొత్తం మీద 45 నిమిషాల నుంచి గంట పని.

నడిమి చూపు మాత్రమే మిగిలిన కంటికి మత్తు విషయం సర్జన్‌ని అడగండి. కంటి వెనక ఎక్కువ మందు ఎక్కించి, పైన బరువు పెట్టి నొక్కడం ఈ నరానికి మంచిది కాదు. మొద్దు గొట్టంతో పొర కింద కొద్దిగా మందు ఇచ్చే సబ్‌టెనాన్ పద్ధతి మేలు.

ఇక్కడి నుంచి చెప్పేది అన్నిటికంటే ముఖ్యం. మిగతా ఏ ఆపరేషన్‌లోనైనా గాయం మానితే పని అయిపోయినట్టే. ఇందులో పై పొర మానాలి, కింది తలుపు మానకూడదు. శరీరానికి ఈ తేడా తెలియదు, రెండింటినీ మూసేయాలనే చూస్తుంది. కాబట్టి ఫలితంలో సగం ఆపరేషన్ బల్ల మీద తేలితే, మిగతా సగం తర్వాతి రెండు నెలల చెకప్‌లలో తేలుతుంది. మొదటి రోజు, మూడో రోజో నాలుగో రోజో, ఆపై నెల రోజులు వారానికోసారి, తర్వాత ఎనిమిది వారాల దాకా పదిహేను రోజులకోసారి – ఇది తక్కువలో తక్కువ లెక్క. ఆర్మూర్ నుంచి హైదరాబాద్ వచ్చి పోవడమంటే రోజు గడిచిపోతుంది. అందుకని ఎంత పేరున్న ఆస్పత్రి అని కాదు, ఈ ఎనిమిది సార్లు ఏ సర్జన్ దగ్గరికి మీరు ఖచ్చితంగా వెళ్లగలరో చూసుకుని ఎంచుకోండి. నిజామాబాద్‌లోనే గ్లకోమా సర్జన్ దొరికితే అది పెద్ద లాభం. లేదా నెల రోజులు నాన్నగారిని హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో ఉంచండి.

ఆ చెకప్‌లలో ఏం చేస్తారంటే: మొదటి వారాల్లో ప్రెషర్ 20 దాటి, బ్లెబ్ చదునుగా ఉంటే తలుపు కుట్లు బిగుతుగా ఉన్నట్టు. విప్పే కుట్టయితే అక్కడే లాగేస్తారు, లేదా లేజర్‌తో ఒక కుట్టు తెంపుతారు. ఒక్కసారికి ఒక్కటే, మరుసటి చెకప్‌కి మళ్లీ చూసి ఇంకొకటి. తొందరపడి రెండు మూడు తెంపితే కన్ను చప్పబడిపోతుంది. ఆలస్యం చేస్తే తలుపు అతుక్కుపోయి కుట్టు తెంపినా లాభం ఉండదు. నాలుగో వారం తర్వాత బ్లెబ్ ఎర్రగా, రక్తనాళాలు మెలికలు తిరిగి కనిపిస్తే మచ్చ కడుతున్నట్టు. అప్పుడు దాని పక్కన మచ్చను అడ్డుకునే 5-ఎఫ్‌యూ మందు 5 మిల్లీగ్రాముల సూది ఇస్తారు, అవసరమైతే మళ్లీ మళ్లీ. సన్న సూదితో లోపలి మచ్చను కోసే నీడ్లింగ్ కూడా చేస్తారు. ఇవి ఆపరేషన్ ఫెయిలైందనడానికి గుర్తులు కావు. ఆపరేషన్‌లో భాగమే. 'ఇంకో సూది అంట, డబ్బుల కోసం' అనుకుని మానేసినవాళ్ల బ్లెబ్‌లే ఎక్కువగా మూసుకుపోతాయి.

చుక్కల విషయంలో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటిది స్టెరాయిడ్ చుక్క. ప్రెడ్నిసొలోన్ ఒక శాతం, మొదట రెండు గంటలకోసారి, తర్వాత తగ్గిస్తూ ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. మచ్చను అడ్డుకునేది ఇదే. కన్ను తెల్లబడింది, నొప్పి లేదు అని మూడో వారం ఆపేస్తారు. ఆపకండి. రెండోది ఇంతకంటే ప్రమాదం. ఆపరేషన్ అయిన కంటికి పాత గ్లకోమా చుక్కలు ఆపమంటారు. ఇంట్లో వాళ్లు రెండు కళ్లకీ ఆపేస్తారు! దానికితోడు ఆపరేషన్ ముందు ప్రెషర్ దించడానికి ఇచ్చిన ఎసిటజోలమైడ్ మాత్ర కూడా అదే రోజు ఆగిపోతుంది. ఎడమకన్ను నెల రోజులు ఏ మందూ లేకుండా ఉండిపోతుంది. సీసాల మీద స్కెచ్ పెన్‌తో 'కుడి', 'ఎడమ' అని తెలుగులో పెద్దగా రాసి, వేర్వేరు డబ్బాల్లో పెట్టండి.

ఏం తేడా కొట్టవచ్చో కూడా తెలుసుకోండి. నీరు మరీ ఎక్కువగా దిగిపోయి ప్రెషర్ 4–5కి పడిపోవడం మొదటి వారాల్లో మామూలే. చూపు మసకబారుతుంది, వెనక పొర కింద నీరు చేరుతుంది. అట్రోపిన్ చుక్కలు, విశ్రాంతితో చాలావరకు సర్దుకుంటుంది. కార్నియా వెనక నీరుండే ముందు గది పూర్తిగా చదునైతే లోపలికి జెల్ ఎక్కించాలి, లేదా కుట్టు మళ్లీ వేయాలి. ఎక్కువ రోజులు అలాగే ఉంటే రెటీనా నడిమి భాగం ముడతలు పడుతుంది, హ్రస్వదృష్టి ఉన్న కుర్రవాళ్లలో ఇది ఎక్కువ. ప్రెషర్ చాలా ఎక్కువగా ఉన్న కన్ను ఒక్కసారిగా తెరిచినప్పుడు లోపల రక్తస్రావం జరిగే ప్రమాదం అరుదుగా ఉంది. అందుకే ఆపరేషన్‌కి ముందు మానిటాల్ లాంటివి ఇచ్చి దించుతారు. బీపీ అదుపులో ఉండాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే ముందే చెప్పండి, గుండె డాక్టర్ని అడగకుండా మీ అంతట మీరు ఆపకండి.

ఏళ్ల తర్వాత వచ్చే ప్రమాదం ఇన్‌ఫెక్షన్. మైటోమైసిన్ వాడిన బ్లెబ్ కొన్నిసార్లు పల్చబడి తెల్లగా అవుతుంది, దానికి చిన్న కన్నం పడితే క్రిములు నేరుగా లోపలికి పోతాయి. ఆపరేషన్ అయిన కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, పుసి కట్టినా, చూపు తగ్గినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆపరేషన్ అయి పదేళ్లయినా సరే. మెడికల్ షాపులో కండ్లకలక చుక్కలు కొనుక్కుని రెండు రోజులు చూద్దామనుకుంటే కన్నే పోవచ్చు. రైతులకి ఇది మరీ ముఖ్యం. తువ్వాలుతో కళ్లు రుద్దే అలవాటు మానాలి. పసుపు పాలిష్ పట్టేటప్పుడు, మందు కొట్టేటప్పుడు పక్కలు మూసిన అద్దాలు పెట్టుకోవాలి. చెరువులో, కాలువలో మునకలు ఇక వద్దు.

మీ బంధువు చెప్పిన పక్కింటాయన సంగతికి వస్తాను. ఆయన కన్ను చూడలేదు కాబట్టి ఆయన గురించి చెప్పలేను. కానీ ఇలాంటి మాట వెనక సాధారణంగా ఉండేవి ఇవి. ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు చూపు మసకగానే ఉంటుంది, కుట్ల వల్ల కంటి వంపు మారుతుంది, కొత్త అద్దాలు రెండు మూడు నెలలకి గానీ ఇవ్వరు. అంతలోనే 'పోయింది' అనుకుంటారు. శుక్లం తొందరగా ముదరడం ఈ ఆపరేషన్‌కి తెలిసిన ఫలితమే, అది తీస్తే చూపు వస్తుంది. నిజంగా పోయిన కళ్లలో చాలావాటికి అప్పటికే మిగిలింది కాస్తే, జబ్బే దాన్నీ తీసుకెళ్లింది. ఇక ముదిరిన కంటికి ఆపరేషన్‌తోనే ఉన్న నడిమి చూపు ఒక్కసారిగా ఆరిపోవడం అనేది ఉంది, అబద్ధం కాదు, కానీ చాలా అరుదు. 2021లో బ్రిటన్‌లో ముదిరిన గ్లకోమా ఉన్నవాళ్లలో, మొదటే ట్రాబెక్యులెక్టమీ చేయించుకున్నవాళ్లని చుక్కలతో నెట్టుకొచ్చినవాళ్లతో పోల్చారు. రెండేళ్లకి ఆపరేషన్ గుంపు సగటు ప్రెషర్ 12.4, చుక్కల గుంపుది 15.1. భద్రతలో రెండింటికీ తేడా పెద్దగా కనిపించలేదు.

శుక్లం కూడా అప్పుడే తీయాలా? ఇక్కడ సర్జన్ల మధ్య అభిప్రాయభేదం ఉంది. రెండూ కలిపి చేస్తే ప్రెషర్ దిగడం ఒక్క ట్రాబెక్యులెక్టమీ చేసినప్పటి కంటే కాస్త తక్కువ. శుక్లం తీసినప్పుడు వచ్చే వాపు మచ్చను రెచ్చగొడుతుంది. బ్లెబ్ కుదురుకోకముందే తర్వాత విడిగా తీసినా అదే ఇబ్బంది, కనీసం ఆరు నెలలు ఆగాలి. నా మాట: అద్దాలతో అక్షరాల చార్టులో 6/12 లేదా అంతకంటే మెరుగ్గా చదవగలిగితే శుక్లం జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. అంతకంటే మసకగా ఉంటే, రెండోసారి హైదరాబాద్ తిరగడం కష్టమైతే, కలిపి చేయించండి. అలా చేస్తే లెన్స్ విషయంలో ఒకటి గుర్తుంచుకోండి: మల్టీఫోకల్ (దూరం, దగ్గర రెండూ చూపించేది) వద్దు. గ్లకోమా కంటికి వెలుగునీడల తేడా ముందే తగ్గి ఉంటుంది, ఆ లెన్స్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. మామూలు మోనోఫోకల్ చాలు.

ఇదే యాంగిల్ మూసుకున్న రకమైతే శుక్లం ఆపరేషనే మొదటి మందు కావచ్చు. 2016లో వచ్చిన ఈగల్ అధ్యయనం ఆ సంగతే తేల్చింది. అందుకే గోనియోస్కోపీ జరిగిందో లేదో రిపోర్టులో మరోసారి చూడండి. 'ఓపెన్ యాంగిల్' అని టార్చిలైటు వేసి కూడా రాసేస్తుంటారు.

డయోడ్ లేజర్‌తో నీరు ఊరే చోటునే కాల్చే పద్ధతి గురించి అడగలేదు, అయినా ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి: చూపు ఎటూ లేని, నొప్పి పెట్టే కళ్లకి అది వరం. కాల్చినదాన్ని వెనక్కి తేలేం, ఎక్కువైతే కన్ను కుంచించుకుపోతుంది. చూపున్న కంటికి ఇప్పుడు అవసరం లేదు.

ఎడమకన్ను 17, కప్ 0.7 కాబట్టి దానికి ఇప్పటికి చుక్కలు చాలు, ఆరు నెలలకోసారి ఫీల్డ్ టెస్ట్ చేయించండి. అది మారుతుంటే ఆ కంటికి ఎస్‌ఎల్‌టీ నిజంగా ఆలోచించదగ్గదే. మీరు, మీ బాబాయిలు, అత్తలు కూడా కళ్లు చూపించుకోండి. నలభై దాటితే తప్పనిసరిగా. ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీలో హైదరాబాద్‌లో దొరికిన ఓపెన్ యాంగిల్ గ్లకోమా కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా అప్పటిదాకా తమకు జబ్బుందని తెలియనివాళ్లే. మీ ఇళ్లలో మేనరికాలు ఉంటే పసిపిల్లల విషయంలోనూ జాగ్రత్త. పుట్టుకతో వచ్చే గ్లకోమా ఆంధ్రప్రదేశ్‌లో 3,300 కాన్పులకి ఒకటని లెక్క తేలింది, పాశ్చాత్య దేశాల కంటే చాలా ఎక్కువ. బిడ్డ కళ్లు పెద్దగా ఉన్నాయని మురిసిపోతుంటారు. వెలుతురుకి కళ్లు మూసుకుంటూ, నీరు కారుతూ ఉంటే చుక్కలతో కాలక్షేపం చేయకూడదు. అక్కడ మొదటి చికిత్సే ఆపరేషన్.

చివరిగా మార్చి ప్రశ్న. తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబోత, పాలిష్ అయ్యేసరికి ఏప్రిల్ కూడా వస్తుంది. నాలుగు నెలలు 28 ప్రెషర్‌తో 0.9 కప్‌ని ఉంచడం అంటే ఉన్న నడిమి చూపుతో పందెం వేయడమే. ఇప్పుడు డిసెంబరు మొదటి వారం. ఈ రెండు వారాల్లో చేయిస్తే కష్టమైన చెకప్‌లన్నీ జనవరిలో అయిపోతాయి. ఎనిమిది వారాల దాకా వంగి చేసే పని, ఐదు కిలోలు దాటిన బరువు, దుమ్ము వద్దు. రెండు మూడు వారాలు తలస్నానం వద్దు. మలబద్ధకం ఉంటే ముక్కి కూర్చోకుండా మందు అడగండి. ఫిబ్రవరి చివరికి గట్టున కుర్చీ వేసుకుని కూలీలకి పని చెప్పేంతగా తేరుకుంటారు. తవ్వకం మాత్రం ఈ ఏడాదికి వేరేవాళ్లకి అప్పజెప్పండి. డేటు ఖాయం చేసుకునే ముందు సర్జన్‌ని నాలుగు అడగండి: మైటోమైసిన్ ఎంత, ఎన్ని నిమిషాలు వాడతారు, విప్పే కుట్లు వేస్తారా, లేజర్‌తో కుట్టు తెంపే సదుపాయం అక్కడే ఉందా, ఆదివారం రాత్రి కన్ను ఎర్రబడితే ఏ నంబరుకి ఫోన్ చేయాలి.